బుజ్జిగాడికి పోజు పెట్టకండి

విశాఖ పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల ఏ ఫొటో స్టూడియోలో చూసినా ఆదివారం పొద్దున జరిగే తంతు ఒకటే. ఇరుకు మెట్లెక్కి ఓ కుటుంబం వస్తుంది. నాన్న చేతిలో కూరల సంచి, అమ్మ చంకలో ఏడాదిన్నర పిల్లాడు, వెనక ఆయాసపడుతూ నాయనమ్మ. పిల్లాడికి కొత్త షేర్వానీ. మెడ దగ్గర జరీ గుచ్చుకుంటోంది కాబట్టి వాడప్పటికే సగం ఏడుపులో ఉంటాడు. తీసుకెళ్లి ఎత్తు స్టూలు మీద కూర్చోబెడతారు. లైట్లు వెలగ్గానే గదిలో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా అరవడం మొదలెడతారు. ‘ఒరే నానా, ఇటు సూడు, ఇటు’ అని నాయనమ్మ. ‘చిన్నూ, స్మైల్’ అని అమ్మ. తాళాల గుత్తి ఆడించే అసిస్టెంటు ఒక పక్క, ఫోన్‌లో పాట పెట్టి చూపించే బాబాయి ఇంకో పక్క. పిల్లాడు మాత్రం తలెత్తి పైన తిరిగే ఫ్యాను కేసి చూస్తుంటాడు. ‘ఇంటి దగ్గర బానే నవ్వాడండీ’ అని తల్లి సంజాయిషీ. ఈ మాట వినని ఫొటోగ్రాఫరు విశాఖలోనే కాదు, ఎక్కడా ఉండడు.

పిల్లాడి తప్పేం లేదు. ఏడాదిన్నరవాడికి ‘కదలకు’ అంటే అర్థం కాదు, అయినా ఖాతరు చెయ్యడు. పసిపిల్లలున్న ఇంటివాళ్లని ఫొటో తీయడంలో కిటుకు ఒకటే: పోజు పెట్టాల్సింది పెద్దవాళ్లకి. మధ్యలో వాడు వేలు నోట్లో పెట్టుకున్నా, నాన్న కళ్లజోడు పీకినా ఫొటో చెడకుండా ఉండేలా చుట్టూ పెద్దవాళ్లని సర్దాలి. ఈ సంగతి తెలియని ఫొటోగ్రాఫరు పిల్లాడి గడ్డం పట్టుకుని తిప్పుతుంటాడు. తెలిసినవాడు తండ్రి భుజం పట్టుకుని తిప్పుతాడు.

మార్కెట్ పని, ఫొటో పని

జగదాంబ జంక్షన్ దాటి పాత ఊరి వైపు వచ్చేవాళ్లకి పూర్ణా మార్కెట్ అంటే కూరగాయలు, పళ్లు, పూలు, కిరాణా, పూజ సామాన్లు. కొనేవాళ్లలో చాలామంది మూలాలు ఈ ఊరివి కావు. 1933 డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ ఇక్కడి పోర్టును లాంఛనంగా ప్రారంభించాడు. 1941లో సింధియా కంపెనీ ఓడల కర్మాగారానికి రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత నేవీ విస్తరించింది, రిఫైనరీ వచ్చింది, ఉక్కు ఫ్యాక్టరీ వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి పనికొచ్చి ఇక్కడే కాపురం పెట్టినవాళ్లకి బిడ్డ పుడితే, ఆ బిడ్డని ఊళ్లో ఉన్న తాతకి చూపించే దారి పోస్టులో పంపే ఫొటో ఒక్కటే. అందుకే సరుకులు కొనే చోటే స్టూడియోలూ వెలిశాయి. ఫొటో కోసం ప్రత్యేకంగా బయల్దేరడం కలిగినవాళ్ల ముచ్చట. మిగతావాళ్లు వచ్చిన పనిలో పనిగా దిగిపోయేవారు.

ఇంకో కారణం బురుజుపేటలో ఉంది. కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి మార్కెట్‌కి ఎంతో దూరం కాదు. పైన కప్పు లేకుండా ఆరుబయట ఉండే ఈ అమ్మవారి దగ్గరికి పసిబిడ్డల్ని తీసుకొచ్చి పాదాల దగ్గర పెట్టి ఎత్తుకోవడం విశాఖ ఇళ్లలో ఆనవాయితీ. మార్గశిర గురువారాల్లో ఆ వీధుల్లో ఇసకేస్తే రాలదు. బిడ్డకి కొత్త బట్టలు తొడిగారు, తల్లి పట్టుచీరలో ఉంది, ఇంట్లోవాళ్లంతా ఒకచోట ఉన్నారు. ఫొటోకి ఇంతకన్నా ఏం కావాలి?

కుర్చీ ఎవరిది?

పాత నలుపు తెలుపు ఫొటోల్లో పోజంటే మర్యాద. పెద్దాయన కుర్చీలో, ఆవిడ పక్కన నిలబడి కుర్చీ వీపు మీద చెయ్యేసి, పిల్లలు కింద బాసిపట్టు వేసుకుని. కోడళ్లు వెనక వరసలో. ఎవరు కూర్చున్నారో, ఎవరు నిలబడ్డారో చూస్తే ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లేదో చెప్పేయొచ్చు. పసిబిడ్డని ఎత్తుకుందన్న కారణంగానే చాలామంది కోడళ్లకి ముందు వరసలో కుర్చీ దొరికింది. వెనకాల తెర మీద రంగులతో వేసిన తోట, మెట్లు, దూరంగా ఓ మేడ. పక్కన స్టాండు మీద ప్లాస్టిక్ పూలు, వైరు లేని టెలిఫోను. పిల్లల కోసం కొయ్యగుర్రం, అట్టతో చేసిన నెలవంక. ఆ నెలవంకలో కూర్చున్న ఫొటో లేని నడివయసువాళ్లు ఈ ఊళ్లో తక్కువ.

అదంతా ఉత్త ఆర్భాటమని ఇప్పటివాళ్లు నవ్వుతారు. నేను నవ్వను. 1948లో ఆఫ్రికాలోని బమాకోలో స్టూడియో తెరిచిన సెయ్‌దూ కెయితా తన మంచం దుప్పటినే తెరగా కట్టి, వచ్చినవాళ్లకి రేడియో, వాచీ, స్కూటరు అందుబాటులో పెట్టి ఫొటోలు తీశాడు. అవి ఇప్పుడు ప్రపంచంలోని పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి. మన టెలిఫోను చేసిన పనీ అదే. ఇంట్లో లేనిది ఫొటోలో ఉండేది. పైగా పిల్లాడి చేతికో పని దొరికేది. రిసీవరు చెవి దగ్గర పెట్టుకున్న మూడేళ్లవాడు కాసేపు కదలడు, ఎవరో మాట్లాడతారేమోనని వింటాడు. పోజు పెట్టకుండా పోజు రాబట్టడం ఇదే.

తెలుగు స్టూడియోలు బాగా ఎరిగిన పోజు మరొకటుంది, పూలజడ ఫొటో. మల్లెలు విరగబూసే ఎండాకాలంలో అయిదారేళ్ల ఆడపిల్లకి మొగ్గలు కుట్టిన జడ వేయించి స్టూడియోకి తీసుకొస్తారు. జడ కనపడాలి, మొహమూ కనపడాలి. నిలువుటద్దానికి వీపు పెట్టి పిల్లని కాస్త ఓరగా నిలబెడతారు. అద్దాన్ని కెమెరాగానీ లైటుగానీ పడని కోణంలోకి తిప్పుతారు. చిక్కంతా రెండు చోట్ల. కుట్టిన జడ బరువుకి తల వెనక్కి లాగి గడ్డం పైకి లేస్తుంది. ‘గడ్డం దించమ్మా’ అంటే పిల్ల కళ్లు కూడా దించేస్తుంది. అందుకని తెలివైనవాడు కెమెరాని పిల్ల ఛాతీ ఎత్తుకి దించి, ‘నా చొక్కా గుండీలెన్నో లెక్కపెట్టు’ అంటాడు. రెండో చిక్కు అద్దమే. వెనక తన జడ ఎలా ఉందోనని పిల్ల తిరిగి చూడక మానదు. నన్నడిగితే ఆ తిరిగి చూసిన ఫొటోనే మంచిది. పెద్దవాళ్లు మాత్రం అది వద్దంటారు.

మగపిల్లలకి పుట్టువెంట్రుకలు తీయించే ముందు ఇలాంటిదే ఓ ముచ్చట. సింహాచలం వెళ్లి అప్పన్నకి జుట్టిచ్చేలోగా ఆ జుట్టుకి జడేసి, పూలు పెట్టి, పరికిణీ కట్టి ఫొటో తీయించుకుంటారు. వాడు పెద్దయ్యాక పెళ్లివారికి ఆ ఆల్బమ్ చూపించి ఏడిపించడం అదనం. జపాన్‌లోనూ 3, 5, 7 ఏళ్లు నిండిన పిల్లలకి నవంబరు 15న కిమోనోలు కట్టి, గుడికి తీసుకెళ్లి, స్టూడియోలో ఫొటో దించడం పెద్ద పండగ.

ఇంకా కింది మెట్టున ఉన్నవాళ్ల సంగతి ఎవరూ రాయరు. కుటుంబమంతా కలిసి దిగిన గ్రూపు ఫొటో రేషన్ కార్డుకి కావాల్సిన రోజులున్నాయి. కూలిపనికెళ్లే ఎన్నో ఇళ్లలో అందరూ కలిసి ఉన్న ఒకే ఒక్క ఫొటో అది. నవ్వకూడదని ఎవరూ చెప్పకపోయినా ఎవరూ నవ్వలేదు. చంటిది అమ్మ కొంగు నోట్లో పెట్టుకుని ఉంటుంది. చాలా ఇళ్లలో ఆ కార్డులోని బొమ్మనే తర్వాత పెద్దది చేయించి పటం కట్టుకున్నారు.

దాక్కున్న అమ్మ

పిల్లలు కదలడం మొదట్నుంచీ ఫొటోగ్రఫీకి తలనొప్పే. 19వ శతాబ్దంలో ఒక్క బొమ్మ పడటానికి కొన్ని సెకన్లపాటు కదలకుండా ఉండాల్సి వచ్చేది. పెద్దవాళ్ల మెడ వెనక ఇనప ఊత పెట్టేవారు. పసిపిల్లలకి అది కుదరదు కదా, అందుకని విదేశీ స్టూడియోల్లో తల్లికి నిలువునా దుప్పటి కప్పి, కుర్చీలా కూర్చోబెట్టి, ఆమె ఒడిలో బిడ్డని పెట్టి తీసేవారు. ఆ ఫొటోలు ఇప్పుడు చూస్తే గగుర్పాటు కలుగుతుంది. బిడ్డ మొహం స్పష్టంగా, వెనక మొహం లేని అమ్మ.

మన దగ్గర తల్లుల ఇబ్బంది వేరు. ఘోషాలో ఉన్న స్త్రీలు పరాయి మగవాడి కెమెరా ముందుకి ఎలా వస్తారు? 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన రాజా దీన్‌దయాళ్ ఈ చిక్కు విప్పడానికి 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసమే జెనానా స్టూడియో తెరిచి, దాన్ని కెన్నీ లెవిక్ అనే ఇంగ్లిషు మహిళ చేతికి అప్పగించాడు. పిల్లల ఫొటో బాగా రావాలంటే ముందు తల్లి కుదుటపడాలని ఆయనకి తెలుసు. ఇప్పుడు ఘోషా లేదు. కానీ ప్రసవమయ్యాక ఒళ్లొచ్చిందనో, నిద్రలేక కళ్లు పీక్కుపోయాయనో ‘నన్ను వద్దులే, బాబుని తియ్యండి’ అని పక్కకి తప్పుకునే తల్లులు కోకొల్లలు. దుప్పటి కప్పకపోయినా అమ్మ దాక్కుంటూనే ఉంది. మీ ఇంట్లో గత ఏడాది ఫొటోలు తీసి చూడండి. నాన్న, తాత, బాబాయి అందరి చేతుల్లో బిడ్డ ఉంటుంది. తీసింది అమ్మ కాబట్టి అమ్మ ఉండదు.

బోర్లా పడితే బోర్లా ఫొటో

నెలకో కేకు, నెలకో అంకె పెట్టి ఫొటోలు తీయించడం కొత్త ఫ్యాషను అనుకుంటాం. బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు పంచిన జాతి మనది. ఆ పిండివంటల వరసే ఫొటోగ్రాఫరుకి పాఠం. మెడ నిలబడి బోర్లా పడే బిడ్డని బోర్లానే తీయాలి, పరుపు మీద, కెమెరా పరుపంత కిందికి దించి. ఆ వయసు బిడ్డని దిండ్లు ఆనించి కూర్చోబెడితే కాసేపట్లో పక్కకి ఒరిగిపోతుంది, ఫొటోలో బస్తాలా ఉంటుంది. ఆరేడు నెలలకి కూర్చోవడం వస్తుంది, అన్నప్రాశన కూడా అప్పుడే. పుస్తకం, పెన్ను, బంగారం, డబ్బు ముందు పెట్టి బిడ్డ దేని మీద చెయ్యేస్తుందో చూసే ఆ ఘట్టంలో ఎవరూ పోజు చెప్పనక్కర్లేదు. కొరియాలో మొదటి పుట్టినరోజుకి సరిగ్గా ఇదే తంతు ఉంది. అడుగులేసే పిల్లాణ్ని కూర్చోబెట్టాలనుకోవడం వృథా ప్రయాస. అమ్మ దగ్గర్నుంచి నాన్న దగ్గరికి నడవనిచ్చి ఆ నడకనే పట్టుకోవాలి, షట్టరు వేగం కనీసం 1/250 సెకను ఉండేలా చూసుకుని.

పురిటి బిడ్డల ఫొటోల గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. న్యూజిలాండ్‌లో స్థిరపడిన ఆన్ గెడెస్ 1996లో తెచ్చిన ‘డౌన్ ఇన్ ద గార్డెన్’ పుస్తకంతో పూలకుండీల్లో, ఆకుల మధ్య పసికందులు ప్రపంచమంతా తిరిగారు. ఆ గాలి మనకీ తగిలింది. బుట్టలు, ఉన్ని టోపీలు, రెండు చేతుల మీద గడ్డం ఆనించిన పసిగుడ్డు. ఆ చివరి పోజు నిజంగా ఒక్క ఫొటో కాదు. ఒకసారి తలని, మరోసారి మణికట్టుని ఎవరో పట్టుకుని ఉండగా రెండు ఫొటోలు తీసి, కంప్యూటరులో కలిపి చేతులు చెరిపేస్తారు. అది తెలియక బిడ్డని నిజంగానే అలా నిలబెట్టబోయేవాడి చేతికి బిడ్డని ఇవ్వకండి. పదకొండో రోజు దాకా, ఇరవై ఒకటో రోజు దాకా బాలింతని గడప దాటనివ్వని మన ఇళ్లలో అసలు స్టూడియోకి తీసుకెళ్లే పనేముంది? కిటికీ పక్కన మంచం, తెల్లటి పాత పంచె, పొద్దుటి వెలుగు చాలు. ఫ్లాష్ అక్కర్లేదు.

గదిలో ఒక్కరే పిలవాలి

సరే, మార్కెట్ పక్క స్టూడియోకే వెళ్లారనుకుందాం. పిల్లాడు పడుకుని లేచి, పాలు తాగాక వెళ్లండి. ‘పదకొండింటికి స్లాటు ఖాళీ ఉంది’ అని పిల్లాడి నిద్ర చెడగొట్టి తీసుకెళ్తే డబ్బులు దండగ. పట్టుబట్టలు చివరి నిమిషంలో తొడగండి, లోపల మెత్తటి బనీను వేసి. వెళ్లగానే స్టూలెక్కించకండి. తెల్లగోడలు, పెద్దపెద్ద లైట్లు, కొత్త మనిషి... మొన్ననే టీకా వేయించుకున్న పిల్లాడికి అది ఆస్పత్రి కాక మరేమిటి? దానికి తోడు ‘అల్లరి చేశావంటే మావయ్య సూదేస్తాడు’ అని పెద్దవాళ్లే బెదిరిస్తారు. ఇక ఆ మావయ్య ఏ కోతివేషాలు వేసినా లాభం లేదు. కాసేపు గదంతా తిరగనివ్వండి, కొయ్యగుర్రాన్ని తట్టనివ్వండి.

అమ్మని తక్కువ ఎత్తు బల్ల మీద కూర్చోబెట్టి, పిల్లాణ్ని ఒడిలో ఓ పక్కకి తిప్పి, నాన్నని పక్కనే కాస్త పైకి, అమ్మ వైపు వంగేలా పెడితే మూడు తలలూ మూడు ఎత్తుల్లో, దగ్గర దగ్గరగా ఉంటాయి. తలల మధ్య ఖాళీ పెరిగితే ఎంత నవ్వినా ఫొటోలో మనుషులు ఎడమొహం పెడమొహంగా కనిపిస్తారు. పిల్లాడి వీపు వెనక ఒక చెయ్యి ఎప్పుడూ ఉండాలి, కనపడకుండా. అన్నిటికన్నా ముఖ్యం, పెద్దవాళ్లు కెమెరా మీంచి చూపు తిప్పకూడదు. ఎన్ని ఆల్బమ్‌లు తిరగేసినా ఇదే దృశ్యం: పిల్లాడు ఎట్టకేలకి కెమెరా వైపు చూసి నవ్విన క్షణంలో అమ్మానాన్నలిద్దరూ వాడి వైపు తిరిగి ‘అటు చూడు, అటు చూడు’ అంటుంటారు.

అందుకే పిలిచేది ఒక్కరే ఉండాలి. ఆ ఒక్కరూ ఫొటోగ్రాఫరు తల వెనక నిలబడాలి. నాయనమ్మ అయితే మేలు, వాడికి తెలిసిన గొంతు. పేరు పెట్టి పదిసార్లు పిలిస్తే పిల్లాడు విసుగెత్తి చూడడం మానేస్తాడు. పిలవకుండా దాక్కుని తొంగిచూడటం, కావాలని తుమ్మడం బాగా పనిచేస్తాయి. లంచం ఇవ్వాల్సి వస్తే చాక్లెట్ వద్దు, మూతంతా పూసుకుంటాడు. గుప్పెడు మరమరాలు ఇవ్వండి. ఒక్కొక్కటే ఏరుకుంటూ కుదురుగా కూర్చుంటాడు, బట్టలకి మరకా అంటదు. చంటిబిడ్డ, ఓ మూడేళ్ల అక్క ఉన్నప్పుడు అక్క ఒడిలో బిడ్డని పెట్టి ఊరుకోకండి. ఇద్దరినీ పరుపు మీద పక్కపక్కన పడుకోబెట్టి పైనుంచి తీయడం క్షేమం. ముద్దు పెట్టమని చెప్పనక్కర్లేదు, ముక్కు పట్టుకుని లాగుతుంది, అదీ బానే ఉంటుంది.

ఇరవై నిమిషాలు దాటాక వచ్చే ఫొటోలు సాధారణంగా పనికిరావు. ఒకప్పుడు 120 రీలులో పన్నెండే ఫొటోలు పడేవి, నొక్కేముందు ఆగి చూసేవారు. ఇప్పుడు వందలు నొక్కి, ఏరుకోవడం ఇంటివాళ్ల నెత్తిన పెడుతున్నారు.

పాస్‌పోర్టు ఫొటో దగ్గర ఈ స్వేచ్ఛ ఏదీ లేదు. నాలుగేళ్లలోపు పిల్లలకి 4.5 x 3.5 సెంటీమీటర్ల ఫొటో తెల్ల నేపథ్యంతో కావాలి. కళ్లు తెరిచి ఉండాలి, ఎత్తుకున్నవాళ్ల చెయ్యి కనపడకూడదు. తెల్ల దుప్పటి పరిచి, బిడ్డని పడుకోబెట్టి నిటారుగా పైనుంచి తీయడమే మార్గం. అయిదేళ్లలోపు వాళ్లకిచ్చే బాల ఆధార్‌కి వేలిముద్రలు ఉండవు, మొహం ఫొటో ఒక్కటే. అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి పురిటికెళ్లే అత్తమ్మలూ, అక్కడి నుంచి వచ్చిన మనవలూ కూడా ఇవే మెట్లెక్కుతారు.

బీచ్‌లో తీయించుకుందామనేవాళ్లకి ఒక మాట. మనది తూర్పు తీరం. ఆర్కే బీచ్‌లో పొద్దున సముద్రం వెనక ఉండేలా నిలబడితే సూర్యుడు వీపు వెనక పడి మొహాలు నల్లబడతాయి. సాయంత్రం ఎండ ఎదురుగా పడి పిల్లలు కళ్లు చికిలిస్తారు. సూర్యుడు మేడల వెనక్కి దిగాక దొరికే కాస్త సమయంలో వెలుగు మెత్తగా, అందరి మొహాల మీదా ఒకేలా ఉంటుంది. ఏసీ కారులోంచి తీసిన కెమెరా లెన్సుకి ఆవిరి పట్టి కాసేపు పనిచేయదు, కాబట్టి ముందే బయటపెట్టి ఉంచుకోవాలి. అలల దగ్గరికి పిల్లాణ్ని వదిలి ‘క్యాండిడ్’ తీద్దామనే ఫొటోగ్రాఫరు మాట మాత్రం వినకండి.

చుక్క చెరపొద్దు

ఫొటో తీయడం అయ్యాక అసలు గొడవ కంప్యూటరు దగ్గర మొదలవుతుంది. పెద్దవాళ్లు బుగ్గ మీద, అరికాలిలో పెట్టిన దిష్టిచుక్కని మచ్చ అనుకుని చెరిపేసే కుర్రాళ్లున్నారు. తర్వాత నాయనమ్మ వచ్చి ‘నా మనవడి సుక్కేదిరా గుంటడా’ అని నిలదీస్తే మళ్లీ పెట్టాలి. అంతకన్నా దారుణం రంగు మార్చడం. అడక్కపోయినా పిల్లల చామనఛాయని తెల్లగా చేసి, పెదాలకి గులాబీ రంగు పూసి ఇస్తారు. పూర్వం నెగెటివ్ మీద పెన్సిలుతో దిద్దినప్పుడూ ఈ జబ్బు ఉంది, ఇప్పుడు ఒక్క మీటతో అయిపోతోంది. ‘రంగు ముట్టుకోవద్దు, చుక్క ముట్టుకోవద్దు’ అని డబ్బు కట్టేముందే చెప్పండి.

ఆ తర్వాత ప్రింటు వేయించండి. ఫోన్ మారినప్పుడల్లా పిల్లల ఫొటోలు ఏడాదికి ఏడాదే మాయమైపోతున్నాయి. విశాఖ గాలిలో ఉప్పూ తేమా ఎక్కువ, పటం కట్టించేటప్పుడు అద్దానికి ఫొటో ఆనుకుంటే రెండు వానాకాలాల్లో అంటుకుపోతుంది, పీకితే బుగ్గ ఊడొస్తుంది. మధ్యలో అట్ట మౌంటు పెట్టించుకోవాలి. వెనక పేర్లు, తారీఖు పెన్సిలుతో రాయాలి, బాల్‌పెన్ను అచ్చు ముందువైపుకి తేలుతుంది. సముద్రం వైపు గోడకి మాత్రం తగిలించకండి.